పూత ఉంది, పిందె లేదు: వేడి బాల్కనీలో టమాటా కుండీ వెనుక లెక్కలు

టమాటా ధర సాధారణంగా జూన్, జులై నెలల్లో మండుతుంది. 2023 జులై ఆఖరులో మదనపల్లె మార్కెట్‌లో మేలు రకం కాయ కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్ళింది. అలాంటి ఏడాది చూసిన వారు, వచ్చే వేసవికైనా ఇంటి కాయ ఇంట్లో ఉండాలని ఫిబ్రవరిలో రెండు కుండీలు తెచ్చి బాల్కనీలో పెట్టుకోవడం సహజమే. మొక్క ఏపుగా పెరుగుతుంది, ఏప్రిల్ నాటికి పసుపు పూత గుత్తులుగా వస్తుంది, ఆ తరువాత పువ్వులు ఒక్కొక్కటిగా ఎండి నేలరాలతాయి. ఎరువు చాలలేదేమోనని ఒకరు, నీరు ఎక్కువైందని మరొకరు, తేనెటీగలు రావడం లేదని ఇంకొకరు అంటారు. ఈ మూడింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ వేడి బాల్కనీ విషయంలో అసలు కారణం చాలాసార్లు మధ్యాహ్నపు ఎండలో కాక, మనం గమనించని రెండు చోట్ల ఉంటుంది. ఒకటి రాత్రి గాలి, రెండవది కుండీ లోపలి మట్టి.

ఒకే బాల్కనీలో మూడు ఉష్ణోగ్రతలు

వాతావరణ శాఖ ప్రకటించే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున ఉంచిన ఉష్ణమాపకం చూపించేది. బాల్కనీలోని మొక్కకు ఆ అంకెతో సంబంధం తక్కువ. దానికి సంబంధించిన వేడి మూడు రకాలు: ఆకు చుట్టూ ఉన్న గాలి వేడి, ఆకు సొంత వేడి, వేరు చుట్టూ ఉన్న మట్టి వేడి. నీరు సమృద్ధిగా అందుతున్న ఆకు, చెమట పట్టిన ఒంటిలాగే, ఆవిరిని వదులుతూ తనను తాను చల్లబరచుకుంటుంది. నీరు అందని ఆకు ఆ పని ఆపేసి గాలికంటే వేడెక్కుతుంది. కుండీకి ఆ ఉపాయం లేదు (మట్టి కుండీ సంగతి వేరు, దాని దగ్గరికి తరువాత వద్దాం). నల్లని ప్లాస్టిక్ కుండీ పక్కగోడను పడమటి ఎండ నేరుగా తాకితే, ఆ గోడను ఆనుకొని ఉన్న మట్టి 45 డిగ్రీలు దాటడం అసాధారణం కాదు. బయట 38 డిగ్రీలే ఉన్నప్పుడు కూడా అలా జరగవచ్చు.

టమాటాకు హాయిగా ఉండే వేడి పగలు సుమారు 21 నుంచి 29 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 20 డిగ్రీలు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క కనుక పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండటం దానికి పుట్టింటి అలవాటు. పగటి వేడి 32 నుంచి 35 డిగ్రీలు దాటి, రాత్రి వేడి 21 నుంచి 24 డిగ్రీల దిగువకు రాకుండా ఉంటే కాయకట్టు దెబ్బతింటుంది. గీతకు అటూ ఇటూ రకాన్ని బట్టి కొంత తేడా ఉంటుంది. మొక్క చావదు, ఆకు వాడదు, పూత కూడా ఆగకపోవచ్చు. ఆగేది కాయ మాత్రమే. గందరగోళం అంతా ఇక్కడే పుడుతోంది, ఎందుకంటే చూడటానికి మొక్క ఆరోగ్యంగానే ఉంటుంది.

పువ్వు లోపల జరిగే నష్టం

టమాటా పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. మధ్యలో ఆడ భాగపు సన్నని కాడ, అంటే కీలం, దాని చుట్టూ పుప్పొడి తిత్తులు ఒకదానికొకటి అతుక్కొని పసుపు శంకువులా నిలబడతాయి. పువ్వు కదిలినప్పుడు శంకువు లోపలి వైపు నుంచి పుప్పొడి రాలి కీలం కొసను చేరుతుంది. మరో పువ్వు అక్కరలేదు, మరో మొక్క అక్కరలేదు. గాలి కదలిక చాలు. తుమ్మెద వంటి కీటకం పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో ఝుమ్మని వణికిస్తే ఇంకా మంచిది. మన మామూలు తేనెటీగలు ఆ వణికించే పని చేయవు కనుక, తేనెటీగలు రాకపోవడం వల్లనే కాయ రాలేదన్న మాట టమాటా విషయంలో అంతగా నిలవదు.

వేడి ఈ ఏర్పాటును రెండు విధాల చెడగొడుతుంది. మొదటిది, పుప్పొడి రేణువులు తయారయ్యే దశలోనే వాటికి సరిపడా చక్కెర అందక అవి బలహీనపడతాయి, లేదా నిర్జీవమవుతాయి. రెండవది, కొన్ని రకాల్లో కీలం పొడవు పెరిగి శంకువు నోటి నుంచి బయటికి పొడుచుకువస్తుంది. అప్పుడు లోపల రాలిన పుప్పొడి దాని కొసను చేరలేదు. ఈ రెండవ మార్పు కంటికి కనిపించేదే. పసుపు శంకువు చివర ఆకుపచ్చని సన్నని మొన బయటికి వచ్చి ఉంటే అది వేడి పెట్టిన గుర్తు కావచ్చు. ఫలదీకరణ జరగని పువ్వును మొక్క నాలుగైదు రోజులు చూసి వదిలించుకుంటుంది. తొడిమ మధ్యలో చిన్న కణుపు ఒకటి ఉంటుంది, పువ్వు సరిగ్గా అక్కడే విరిగి రాలుతుంది.

ఇక్కడ చాలామంది తెలుసుకోని విషయం కాలానికి సంబంధించినది. పుప్పొడి వేడికి ఎక్కువగా దెబ్బతినేది పువ్వు విచ్చిన రోజున కాదు, అంతకు ఒకటి రెండు వారాల ముందు, మొగ్గ ఇంకా గింజంత ఉన్నప్పుడు. అంటే ఈరోజు రాలిన పువ్వు గడచిన పక్షం నాటి వేడికి సమాధానం చెబుతోంది. మే నెలలో అకాల వర్షం కురిసి రెండు రోజులు చల్లబడినా పూత రాలడం ఆగకపోవడానికీ, ఆ చల్లదనం కొన్నాళ్ళు నిలిస్తే పది రోజుల తరువాత ఎక్కడో రెండు పిందెలు కనబడటానికీ కారణం ఇదే. నిన్న వేసిన ఎరువుకు ఆ పిందెల ఘనత దక్కుతూ ఉంటుంది.

పువ్వును ఉదయం వేలితో తట్టడం, విద్యుత్ టూత్‌బ్రష్ కాడను గుత్తికి ఆనించి వణికించడం గురించి కూడా ఈ వెలుగులో చూడాలి. గాలి ఆడని, అద్దాలతో మూసిన బాల్కనీలో ఇది నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ లోపించింది కదలిక. పుప్పొడే నిర్జీవమైన చోట ఎంత తట్టినా రాలేది పొడి మాత్రమే.

రాత్రి వేడి, ఏసీ పెట్టె, మదనపల్లె

మొక్క పగలు ఆకుల్లో చక్కెర తయారుచేసుకుంటుంది, రాత్రింబవళ్ళు శ్వాసిస్తూ దానిని ఖర్చు చేస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే శ్వాస ఖర్చు సుమారు రెట్టింపవుతుందని స్థూలమైన లెక్క. రాత్రి 18 డిగ్రీలున్న చోట మొక్కకు తెల్లవారేసరికి పువ్వులకు, పిందెలకు పంచడానికి మిగులు ఉంటుంది. 28 డిగ్రీలున్న చోట ఆ మిగులు కరిగిపోతుంది. పగలంతా సంపాదించి రాత్రి వడ్డీ కట్టే సంసారం అన్నమాట. కాయకట్టుకు పగటి గరిష్ఠం కంటే రాత్రి కనిష్ఠమే అసలు అడ్డు అని చాలామంది ఉద్యాన శాస్త్రజ్ఞులు భావించడానికి ఇదొక కారణం.

వేసవిలో మన ఊళ్ళకు వచ్చే టమాటాలో పెద్ద భాగం మదనపల్లె, దానికి ఎగువన ఉన్న కర్ణాటకలోని కోలారు ప్రాంతాల నుంచి రావడం కూడా దీనితో ముడిపడినదే. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడా పగలు ఎండ కాస్తుంది గానీ, రాత్రి విజయవాడలో లాగా ఉక్కపోయదు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల పీఠభూమి మీద ఉన్నా, మే నెలలో సగటు రాత్రి కనిష్ఠం 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. విజయవాడలో అది ఇంకా ఎక్కువ, పైగా తేమ తోడవుతుంది.

ఇది ఊరి లెక్క. బాల్కనీ లెక్క దానికి అదనం. పడమటి గోడ సాయంత్రం ఆరు వరకు తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూ ఉంటుంది, చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ గోడకు మూరెడు దూరంలో ఉన్న మొక్కకు రాత్రి చల్లబడటమన్నదే ఉండదు. దీనికంటే పెద్ద నేరస్తుడు చాలా ఇళ్ళలో ఏసీ బయటి పెట్టె. పడకగది చల్లబడేది బాల్కనీని వేడెక్కించే కదా! మొక్కకు చల్లదనం అవసరమైన గంటల్లోనే, అంటే రాత్రి పది నుంచి తెల్లవారుజాము వరకే, అది వేడి గాలిని ఊదుతుంది. ఒకే బాల్కనీలో ఆ పెట్టె ఎదుట ఉన్న కుండీలో కాయ రాక, పక్కకు ఉన్న కుండీలో రెండు మూడు వచ్చాయంటే విత్తనాన్ని తప్పుబట్టే ముందు గాలి ఎటు వీస్తోందో గమనించడం న్యాయం. అదే ఏసీ పైపు నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక, బోరు నీటి ఉప్పు పేరుకున్న కుండీకి అది మేలే చేస్తుంది. తీసుకున్న దానిలో కొంత తిరిగి ఇచ్చినట్టు.

కుండీ పరిమాణం: ఒక చిన్న లెక్క

నేలలో ఉన్న మొక్కకు ఎండ ఒక్క పైనుంచే తగులుతుంది. కుండీలోని మట్టికి పైనుంచీ, పక్కల నుంచీ తగులుతుంది. అందుకే చిన్న కుండీ, పెద్ద కుండీ మధ్య తేడా వేర్లకు చోటు చాలడం, చాలకపోవడం మాత్రమే కాదు. 20 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న కుండీలో సుమారు 6.3 లీటర్ల మట్టి పడుతుంది. దాని పక్కగోడ విస్తీర్ణం దాదాపు 1,257 చదరపు సెంటీమీటర్లు, అంటే లీటరు మట్టికి 200 చదరపు సెంటీమీటర్ల గోడ. అదే 30 సెంటీమీటర్ల కుండీలో 21 లీటర్లు పడుతుంది, లీటరుకు గోడ 133 చదరపు సెంటీమీటర్లకు తగ్గుతుంది. వేడి లోపలికి వచ్చే దారి మూడింట ఒక వంతు తగ్గింది, వేడెక్కవలసిన సరుకు మూడింతలకు పైగా పెరిగింది. కుండీ నడుమ వేర్లు తలదాచుకోవడానికి చల్లని చోటు మిగులుతుంది.

నీటి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన మిశ్రమం తన పరిమాణంలో పావు వంతు నీటిని మొక్కకు అందేలా పట్టి ఉంచుతుందని అనుకుందాం. చిన్న కుండీలో అది ఒకటిన్నర లీటర్లు, పెద్ద కుండీలో అయిదు లీటర్లకు పైన. నడుము ఎత్తు పెరిగిన మొక్క ఏప్రిల్ ఎండలో రోజుకు రెండు లీటర్లు తాగుతుందనుకుంటే, ఉదయం ఆరింటికి నిండుగా నీరు పోసిన చిన్న కుండీ, మొక్క ఎక్కువగా తాగే మధ్యాహ్నపు గంటలు గడిచేసరికి, అంటే మూడింటికల్లా ఖాళీ అవుతుంది. పెద్ద కుండీ మరుసటి రోజు కూడా నెట్టుకొస్తుంది. ఇదంతా ఊహించుకున్న అంకెల మీద కట్టిన లెక్కే, అయినా రోజుకు ఒక్కసారి నీరు పోసే ఇంట్లో చిన్న కుండీ ఎందుకు ఓడిపోతుందో చెప్పడానికి సరిపోతుంది. మధ్యాహ్నం ఆకు వాలడమే దాహానికి రుజువు కాదన్నది ఇక్కడొక మెలిక. వేరు అందించే వేగం కంటే ఆకు వదిలే వేగం ఎక్కువైనప్పుడు తడి మట్టిలో ఉన్న మొక్క కూడా కాసేపు వాలుతుంది, పొద్దు వాలాక అదే లేస్తుంది. ఆ సమయంలో మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే, దానితో వేరుకు మేలు కంటే కీడే ఎక్కువ.

కుండీ దేనితో చేసినదన్న దానిపై వాదన ఉంది. కాల్చిన మట్టి కుండీ తాగునీటి కుండలాగే చెమర్చి చల్లబడుతుంది. అయితే ఆ చల్లదనానికి ఖరీదు నీరే, కాబట్టి అది ప్లాస్టిక్ కంటే త్వరగా ఎండుతుంది. గాలి పొడిగా ఉండే హైదరాబాదులో ఈ బేరం లాభసాటి. గాలిలోనే తేమ నిండి ఉండే విశాఖలో చెమర్చడం మందగిస్తుంది, లాభమూ తగ్గుతుంది. ఖాళీ పెయింటు బకెట్ తెల్లగా ఉంటే ఎండను తిప్పికొడుతుంది. నల్లని కుండీకి బయట సున్నం కొట్టినా, గోనెపట్టా చుట్టినా జరిగేది అదే. పెద్ద కుండీలు వరుసగా పెట్టేవారికి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. తడిసిన ఎర్రమట్టి ఒక్కటే నింపితే 20 లీటర్ల కుండీ 35 కిలోలకు తక్కువ తూగదు, కొబ్బరి పొట్టు కలిపితే బాగా తగ్గుతుంది. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న పాత నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. సన్నని మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి అంత సులువుగా దిగదు, రాళ్ళకు పైనే నిలిచి, ఉన్న కొద్ది లోతును ఇంకా తగ్గిస్తుంది.

ఏ దిక్కు బాల్కనీకి ఏ నెలలో ఎండ

రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరుటెండ కావాలన్న సూత్రం ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికా తోటల నుంచి వచ్చినది. అక్కడ సూర్యుడు వేసవిలో కూడా దక్షిణం వైపే ఒరిగి ఉంటాడు కనుక దక్షిణపు బాల్కనీ వారికి వరం. మనకు లెక్క మారుతుంది. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండవ వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండింటి నడుమ మధ్యాహ్నం వేళ నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు.

నాలుగడుగుల లోతు, పైన తొమ్మిదడుగుల ఎత్తున శ్లాబు, ముందు గోడకు బదులు గ్రిల్లు ఉన్న దక్షిణపు బాల్కనీని తీసుకుందాం. డిసెంబరు 21న మధ్యాహ్న సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలు. ఎండ నేలనంతా నింపి వెనుక గోడ మీదికి కూడా నాలుగడుగులు పాకుతుంది. మార్చి 21న ఆ ఎత్తు 72 డిగ్రీలు దాటుతుంది, ఎండ గ్రిల్లు నుంచి మూడడుగుల లోపే ఆగిపోతుంది. మే రెండవ వారానికి మధ్యాహ్నపు ఎండ లోపలికి రానే రాదు. అంటే ఈ బాల్కనీ చలికాలంలో ఎండను, వేసవిలో నీడను తనంతట తానే ఇస్తుంది, టమాటాకు కావలసిన వరుస కూడా అదే. తూర్పు బాల్కనీకి ఏడాది పొడవునా చల్లని ఉదయపు ఎండ దక్కుతుంది. పడమటిదే చిక్కు. అక్కడ ఎండ గంటలు సరిపడా ఉంటాయి గానీ, అవన్నీ గాలి అప్పటికే వేడెక్కిన గంటలు. గంటలు లెక్కపెట్టి పడమటి బాల్కనీని మంచిదనడం, అవి ఏ వేళ గంటలన్నది చూడకపోవడం వల్ల వచ్చే పొరపాటు.

షేడ్ నెట్ మీద రెండు మాటలు

మిద్దె తోటలు పెంచేవారిలో ఒక వర్గం మార్చి వస్తూనే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టేస్తుంది. దానితో ఆకు వేడి, కుండీ వేడి తగ్గుతాయి, నీటి ఖర్చు తగ్గుతుంది, కాయ మీద ఎండకు తెల్లని మచ్చ పడటం తగ్గుతుంది. మరో వర్గం దానిని ఒప్పుకోదు. సగం వెలుతురును ఆపే నెట్ కింద టమాటా సన్నగా సాగిపోతుందనీ, పూతే తగ్గుతుందనీ వారి అనుభవం. రెండూ నిజమే, సందర్భాలు వేరు. పైకప్పు లేని మిద్దె మీద రోజంతా ఎండ కాసే చోట సగం ఆపినా మొక్కకు చాలినంత మిగులుతుంది. మూడు వైపులా గోడలున్న బాల్కనీకి వెలుతురు ముందే సగమై వస్తుంది, దానిలో మళ్ళీ సగం ఆపితే మిగిలేది పావే. అయితే ఇరుపక్షాలూ ప్రస్తావించని విషయం ఒకటుంది: నెట్ పగటి వేడిని తగ్గిస్తుంది, ఊరి రాత్రి కనిష్ఠాన్ని తగ్గించలేదు. కట్టిన వారి మొక్కలు మే నెలను బతికి దాటుతాయి, కాయలు మాత్రం అంతగా కట్టవు. దానిని విజయమనాలా, ఓటమి అనాలా అన్నది వారు కోరుకున్న దాన్ని బట్టి ఉంటుంది.

రకాల గురించిన వాదన కూడా ఇలాంటిదే. పూసా హైబ్రిడ్-1 రాత్రి 28 డిగ్రీల వేడిలో కూడా కాయ కడుతుందని దానిని రూపొందించిన ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వర్ణిస్తుంది. చిన్న కాయల చెర్రీ రకాలు పెద్ద కాయల వాటికంటే వేడిని సాధారణంగా మెరుగ్గా తట్టుకుంటాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్‌కు పేరు వచ్చింది వేడి వల్ల కాదు, ఆకుముడత వైరస్‌తో సహా మూడు తెగుళ్ళను తట్టుకోవడం వల్ల. ‘తట్టుకునే రకం’ అన్న మాట విన్నప్పుడు దేనిని తట్టుకునేదో తెలియకపోతే ఆ మాటకు విలువ లేదు.

విత్తనం తేదీ: పూత నుంచి వెనక్కి

విత్తిన నాటి నుంచి నారు నాటడానికి నాలుగు వారాలు, నాటాక పూతకు మరో నాలుగైదు వారాలు, పువ్వు విచ్చాక పండుకు ఆరేడు వారాలు పడుతుందని స్థూలంగా అనుకుందాం. హైదరాబాదులో రాత్రి సగటు కనిష్ఠం 21 డిగ్రీల లోపు ఉండేది ఇంచుమించు అక్టోబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు. పూత ఈ అయిదు నెలల్లో పడాలి. ఆగస్టు మధ్యలో విత్తితే సెప్టెంబరు మధ్యలో నాటు, అక్టోబరు మూడో వారానికి తొలి పూత, డిసెంబరు తొలి వారంలో తొలి పండు. ఆ తరువాత మార్చి వరకు వచ్చే ప్రతి గుత్తికీ అవకాశం ఉంది.

సంక్రాంతికి విత్తనం వేసిన వారి లెక్క చూద్దాం. ఫిబ్రవరి మధ్యలో నాటు, మార్చి మూడో వారానికి తొలి పూత. ఆ పువ్వులలోని పుప్పొడి మార్చి తొలి పక్షపు చల్లని రాత్రుల్లో తయారైంది కనుక మొదటి గుత్తి నిలుస్తుంది. రెండవది సగం నిలుస్తుంది. మూడవ గుత్తి నుంచి రాలడమే. ‘మొదట బాగా కాసింది, తరువాత ఏమైందో ఏమో’ అనే ఫిర్యాదు ఈ లెక్కకు అక్షరాలా సరిపోతుంది. కోస్తాలో చల్లని రాత్రులు ఆలస్యంగా వచ్చి త్వరగా పోతాయి. విజయవాడ వంటి చోట గట్టిగా నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి వరకే. అక్కడ అదే లెక్క సెప్టెంబరు ఆఖరు విత్తనాన్ని సూచిస్తుంది.

మరి ధర మండే జూన్, జులైలో ఇంటి కాయ? ఆ కాయకు పువ్వు ఏప్రిల్ ఆఖరు, మే నెలల్లో నిలవాలి, అంటే ఏడాదిలోకెల్లా గడ్డు కాలంలో. బాల్కనీలో కాయ లేని రోజులకూ, బజారులో ధర పెరిగే రోజులకూ మూలం కొంతవరకు ఒకే వేడి. పొలానికి తెగులు, వాన, సాగు విస్తీర్ణం వంటి కారణాలు అదనంగా ఉంటాయి.

వేడి చేసిన పనే, పేరు మాత్రం వేరు

ముదురు ఆకులు అంచుల నుంచి పైకి దొన్నెలా చుట్టుకొని, రంగు మారకుండా, గట్టిగా ఉంటే అది మొక్క ఎండకు తన విస్తీర్ణాన్ని తగ్గించుకోవడమే కావచ్చు. లేత ఆకులు చిన్నవై, ముడుచుకొని, పసుపు తిరిగి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్. మొదటిది చల్లబడితే సర్దుకుంటుంది, రెండవదానికి చికిత్స లేదు.

కాయ అడుగున నల్లని, తోలు వంటి మచ్చ పడటాన్ని సున్నపు ధాతువు లోపంగా చెప్పి గుడ్డు పెంకులు వేస్తారు. కాయకు కాల్షియం చాలకపోవడం నిజమే గానీ, అది మట్టిలో లేక కాదు, చాలాసార్లు కాయకు చేరక. కాల్షియం నీటితో పాటే ప్రయాణిస్తుంది. ఆవిరిని ఎక్కువగా వదిలే ఆకులు ఆ నీటిని లాక్కుంటాయి, కాయ కొసకు మిగలదు. ఒక పూట ఎండి, ఒక పూట మునిగే చిన్న కుండీలో ఇది మరీ ఎక్కువ. గుడ్డు పెంకు మట్టిలో కరిగి మొక్కకు అందడానికి నెలలు పడుతుంది, ఆలోగా ఆ కాపే అయిపోతుంది.

కాయ నిలిచి, మచ్చ పడకుండా ముదిరాక కూడా వేడి ఒక చోట అడ్డుపడుతుంది. పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే వర్ణకం సుమారు 30 డిగ్రీలు దాటితే సరిగా తయారుకాదు. పసుపు వర్ణకాలు అంతగా దెబ్బతినవు. అందుకే మార్చిలో నిలిచిన పిందె ఏప్రిల్ ఆఖరులో మొక్క మీదే పండితే ఎర్రబడకుండా నారింజ రంగు దగ్గర ఆగిపోతుంది, రకం మారిపోయిందని, విత్తనం అమ్మినవాడు మోసం చేశాడని అనిపిస్తుంది. దోర రంగు తిరుగుతుండగానే కోసి, ఫ్రిజ్‌లో కాక వంటింట్లో చల్లని మూల ఉంచిన కాయ, మొక్క మీద మిగిలిన దాని తోబుట్టువు కంటే ఎర్రగా పండటం అప్పుడే గమనించవచ్చు.